వంశంలో వచ్చేది రోగం కాదు

పెళ్ళి సంబంధం మాట్లాడుకునే చోట మన ప్రాంతంలో ఇప్పటికీ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వాళ్ళింట్లో ఎవరికైనా పెద్దరోగం ఉండేదా అని. తాతకు ఉండేదని తెలిస్తే మనవరాలి సంబంధం తప్పిపోతుంది. బందరులో గానీ, గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో గానీ, దివిసీమ లంకల్లో గానీ సంఘ కాపరిగా పనిచేసిన వారికి ఈ గుసగుస కొత్త కాదు. ఇది సంఘం బయట మాత్రమే వినిపించే మాట కూడా కాదు.

ఈ మధ్య ఆ గుసగుసకు కొత్త బలం దొరికింది. కుష్ఠు వ్యాధి రావడంలో జన్యువుల పాత్ర ఉందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అది నిజమే. అయితే సగం విన్నవారు, చూశారా, రక్తంలోనే ఉందట, పెద్దవాళ్ళు ఊరికే అనలేదు అంటున్నారు. ఆ సగం మాట ఎంత ప్రమాదమో, మిగతా సగం ఏమిటో తెలియాలంటే ఒక మనిషి జీవితాన్ని చూడాలి. కుష్ఠు వ్యాధికి నేడు హాన్సెన్ వ్యాధి అనే గౌరవప్రదమైన పేరు ఎవరి వలన వచ్చిందో ఆ నార్వే వైద్యుడి జీవితం అది.

గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ 1841 జూలై 29న నార్వే దేశపు పడమటి తీరంలోని బెర్గెన్ పట్టణంలో పుట్టారు. రాబర్ట్ నోబుల్ దొర, హెన్రీ ఫాక్స్ దొర సువార్త పనికోసం మన తెలుగు దేశానికి బయలుదేరి వచ్చిన సంవత్సరం అదే. హాన్సెన్ తండ్రి వర్తకుడు. పదిహేనుమంది పిల్లలున్న ఇల్లు. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో హాన్సెన్ తన కష్టార్జితంతోనే వైద్యవిద్య చదువుకోవలసి వచ్చింది. 1866లో పట్టా పుచ్చుకుని, కొంతకాలం ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో చేపలు పట్టేవారి మధ్య వైద్యుడిగా పనిచేసి, 1868లో సొంత ఊరికి తిరిగి వచ్చారు.

ఆనాటి బెర్గెన్ కుష్ఠు రోగుల పట్టణం. 1856లో నార్వే ప్రభుత్వం దేశమంతటా రోగుల పేర్లు నమోదు చేయించినప్పుడు దాదాపు 2,800 మంది తేలారు. చిన్న దేశానికి అది చాలా పెద్ద సంఖ్య. వారిలో ఎక్కువమంది తీరప్రాంతపు పేద రైతులు, జాలరులు. చలికి ఒకే గదిలో, ఒకే పరుపు మీద ఇంటిల్లిపాదీ పడుకునేవారు. బెర్గెన్‌లోని సెయింట్ జార్జ్ ఆస్పత్రి నాలుగు వందల ఏళ్ళ నాటిది. అక్కడ రోగులు పడుతున్న దుస్థితిని 1816లో లోకానికి తెలియజేసింది వైద్యుడు కాదు, ఆ ఆస్పత్రి పాదిరి వెల్హావెన్. ఆయన నివేదిక తరువాతనే దేశపు మనస్సాక్షి మెల్లగా కదిలింది. ఒక కాపరి చూసి ఊరుకోకపోతే ఎంత జరుగుతుందో మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

హాన్సెన్ చేరినది డేనియల్సెన్ అనే గొప్ప వైద్యుడి దగ్గర. కుష్ఠు వ్యాధి మీద 1847లో బోక్ అనే సహచరుడితో కలిసి ఆయన ప్రచురించిన గ్రంథం యూరప్ అంతటా ప్రామాణికం. ఆయన దృష్టిలో కుష్ఠు వంశపారంపర్య వ్యాధి. ఆయన కారణాలు తేలికైనవి కావు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వ్యాధి రావడం కళ్ళారా చూశారు. అంటువ్యాధి అవునో కాదో తేల్చాలని, రోగుల కణుతుల నుంచి తీసిన పదార్థాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. ఆస్పత్రి పనివారిలో కొందరికీ ఎక్కించారు. ఎవరికీ వ్యాధి రాలేదు. అంటుకోదు కాబట్టి, కుటుంబాల్లోనే కనబడుతుంది కాబట్టి, ఇది రక్తంలో దిగివచ్చేదే అని ఆయన తీర్మానించుకున్నారు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా మన దేశంతో సహా బ్రిటిష్ వలసల నుంచి సమాచారం తెప్పించుకుని, ఇది అంటువ్యాధి కాదని 1867లో నివేదిక ఇచ్చింది.

ఇటువంటి తీర్మానం పుస్తకాల్లో ఆగిపోదు. రోగం రక్తంలో ఉంటే ఆ రక్తాన్ని ఆపాలన్న ఆలోచన వస్తుంది. కుష్ఠు రోగుల పెళ్ళిళ్ళు నిషేధించాలన్న ప్రతిపాదనలు నార్వేలో వచ్చాయి. మన పెళ్ళిచూపుల గుసగుసకూ దానికీ పెద్ద తేడా లేదు.

హాన్సెన్‌కు గురువు మీద గౌరవం ఉంది, గురువు సిద్ధాంతం మీద మాత్రం నమ్మకం కుదరలేదు. ఆయన పడమటి తీరమంతా తిరిగి, ఇల్లిల్లూ విచారించి, ఎవరి తరువాత ఎవరికి వచ్చింది, వాళ్ళు ఎక్కడ కలిసి బతికారు అని రాసుకున్నారు. రోగులను ఎక్కువగా ఆస్పత్రుల్లో చేర్చుకున్న ప్రాంతాల్లో కొత్త రోగులు ఎక్కువగా తగ్గుతున్నారని లెక్కలు చూపించాయి. రక్తంలో వచ్చేదైతే అలా తగ్గకూడదు. కుటుంబం పిల్లలకిచ్చేది రక్తం ఒక్కటే కాదు. ఒకే గాలి, ఒకే పరుపు, ఒకే పేదరికం కూడా ఇస్తుంది.

1873లో ఆయన డేనియల్సెన్ కుమార్తెను పెళ్ళి చేసుకున్నారు. ఆమె క్షయతో ఆ సంవత్సరమే కన్నుమూసింది. అదే ఏడాది ఫిబ్రవరి 28న సూక్ష్మదర్శిని కింద, రోగి కణుతి నుంచి తీసిన ద్రవంలో, చిన్న పుల్లల్లాంటి సూక్ష్మజీవులను ఆయన చూశారు. మరుసటి ఏడాది ఆ సంగతి ప్రచురించారు. మనిషికి వచ్చే దీర్ఘవ్యాధికి ఒక సూక్ష్మజీవిని కారణంగా చూపిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ ప్రకటించడానికి ఇంకా ఎనిమిదేళ్ళ సమయం ఉంది.

చూడడం వేరు, రుజువు చేయడం వేరు. ఆ క్రిమిని గాజు పాత్రలో పెంచడం ఆయన వల్ల కాలేదు. ఈనాటికీ ఎవరివల్లా కాలేదు. జంతువుల్లో ప్రయత్నించినా ఫలించలేదు. ఇక్కడే ఆయన జీవితంలో నల్లటి మచ్చ ఉంది. 1879 నవంబరులో ఆస్పత్రిలో ఉన్న ఒక స్త్రీ కంటిలోకి, ఆమె అనుమతి అడగకుండా, మరొక రోగి కణుతి నుంచి తీసిన పదార్థాన్ని సూదిమొన లాంటి కత్తితో ఎక్కించారు. ఆమెకున్నది స్పర్శ పోయే రకం కుష్ఠు. కణుతుల రకం కూడా వస్తుందేమో చూడాలన్నది ఆయన ఉద్దేశం. ఆమె మౌనంగా భరించలేదు. విషయం కోర్టుకు చేరింది. 1880లో న్యాయస్థానం ఆయనను ఆస్పత్రి వైద్యుడి పదవి నుంచి తొలగించింది. దేశపు కుష్ఠు వ్యాధి ప్రధాన అధికారిగా మాత్రం కొనసాగారు.

ఈ భాగాన్ని దాచిపెట్టి ఆయన జీవితం చెప్పడం సరికాదు. సత్యం కోసం వెదికినవాడే ఒక పేద స్త్రీని మనిషిగా చూడడం మరచిపోయాడు. పేరులేని ఆ రోగి తన శరీరం తనదని నిలబడి చెప్పింది, చదువుకున్న లోకం ఆమె మాట వినవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే మరొక దెబ్బ. 1879లో జర్మనీ నుంచి ఆల్బర్ట్ నైసర్ అనే యువ వైద్యుడు బెర్గెన్ వచ్చాడు. హాన్సెన్ ఉదారంగా తన నమూనాలు ఇచ్చారు. నైసర్ వాటికి రంగు అద్ది క్రిమిని స్పష్టంగా చూపించి, కారణం కనుగొన్నది తానేనన్నట్లు ప్రకటించుకున్నాడు. హాన్సెన్ తన పని తేదీలతో సహా రాసి ముందుంచారు. చివరకు లోకం హాన్సెన్ పక్షమే నిలిచింది.

మన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే ఘట్టం 1880ల చివర వచ్చింది. అప్పటికి నార్వే నుంచి వేలాదిమంది అమెరికాకు వలసపోయారు. వారిలో దాదాపు 160 మంది కుష్ఠు రోగులు. రోగం రక్తంలో ఉంటే వారి పిల్లల్లో, మనవల్లో బయటపడి తీరాలి. హాన్సెన్ సముద్రం దాటి విస్కాన్సిన్, మిన్నెసోటా, డకోటా ప్రాంతాల్లో ఆ కుటుంబాలను వెదుక్కుంటూ తిరిగారు. రోగుల సంతానంలో వ్యాధి వచ్చినవాడు ఒక్కడు కూడా ఆయనకు కనబడలేదు. రక్తం అదే, వంశం అదే. మారింది ఇల్లు, తిండి, గాలి, విడి గది, విడి పడక. ఏళ్ళ తరబడి సాగిన వాదానికి ఆ పల్లెల్లో పెరుగుతున్న ఆరోగ్యవంతులైన పిల్లలే జవాబయ్యారు.

ఆయన సలహా మీద నార్వే 1877లోను 1885లోను చట్టాలు చేసింది. రోగి ఇంట్లోనే విడి గది, విడి పాత్రలతో ఉండవచ్చు. వీలుకాకపోతే ఆస్పత్రిలో చేరాలి. ఆ చట్టాల్లో కఠినత్వం ఉంది, వేరుచేయబడినవారి కన్నీళ్ళూ ఉన్నాయి. మందు లేని కాలంలో ప్రజల జీవన స్థితి మెరుగుపడడంతో పాటు అవి కూడా తోడై, శతాబ్దాంతానికి రోగుల సంఖ్య వందల్లోకి దిగింది. 1909లో కుష్ఠు వ్యాధి మీద రెండవ అంతర్జాతీయ మహాసభ బెర్గెన్‌లోనే హాన్సెన్ అధ్యక్షతన జరిగింది. 1912 ఫిబ్రవరి 12న ఆయన కన్నుమూశారు. ఆయన డార్విన్ రచనలను అభిమానించిన మనిషి. ఆయనను విశ్వాసవీరుల పట్టికలో చేర్చాలన్నది మా ఉద్దేశం కాదు. సత్యం ఎవరి చేతి మీదుగా వచ్చినా దాని మూలం దేవుడే అని నమ్మేవారం కాబట్టి ఆయనకు ఋణపడి ఉన్నాము.

అయితే హాన్సెన్ జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఒకటి మిగిలింది. క్రిమే కారణమైతే, అంత పదార్థం ఒంట్లోకి ఎక్కించుకున్న డేనియల్సెన్‌కు వ్యాధి ఎందుకు రాలేదు? కంటిలో గాయం చేసినా ఆ స్త్రీకి కణుతుల రకం ఎందుకు రాలేదు? ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్న అన్నదమ్ముల్లో ఒకరికి వచ్చి మరొకరికి ఎందుకు రాదు?

మన డెల్టా రైతుకు ఈ ప్రశ్న అర్థం కాకపోదు. ఒకే కాలువ నీరు, ఒకే మంచు. అయినా బీపీటీ 5204 వేసిన చేలో అగ్గితెగులు పడితే, పక్క గట్టు అవతల మరో రకం వరి పచ్చగా నిలబడుతుంది. తెగులు విత్తనంలో లేదు, బయటి నుంచి వచ్చింది. తెగులును తట్టుకునే శక్తి మాత్రం ఒక్కో విత్తనంలో ఒక్కో తీరుగా ఉంది.

మనుషుల్లో కూడా అంతే. కుష్ఠు క్రిమి సోకినా నూటికి దాదాపు 95 మందికి వ్యాధి రాదు. వారి శరీరమే దాన్ని అణచివేస్తుంది. మిగిలిన కొద్దిమందిలో ఎందుకు వస్తుందని వెదికిన పరిశోధనల్లో ప్రసిద్ధమైనది మన దేశపు కవలల మీద జరిగి 1973లో ప్రచురితమైంది. 102 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టి, జన్యువులన్నీ ఒక్కటిగా ఉన్న 62 జంటల్లో దాదాపు 60 శాతం జంటలకు ఇద్దరికీ వ్యాధి వచ్చింది. జన్యువులు సగం మాత్రమే కలిసే మామూలు కవలలు 40 జంటల్లో అలా వచ్చినవి 20 శాతమే. తట్టుకునే శక్తిలో జన్యువుల పాత్ర ఉందని దీనివల్ల తెలుస్తుంది. అయితే మొదటి అంకెను తిరగేసి కూడా చదవాలి. అచ్చుగుద్దినట్టు ఒకే జన్యువులున్న జంటల్లో కూడా దాదాపు 40 శాతం జంటల్లో ఒకరికి వచ్చి మరొకరికి రాలేదు. జన్యువులే తలరాత అయితే అలా జరగదు.

2001లో దక్షిణ భారతదేశపు 224 కుటుంబాల మీద జరిగిన పరిశోధన పదవ క్రోమోజోములో ఒక భాగానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉందని చూపింది. 2004లో వియత్నాం కుటుంబాల్లో ఆరవ క్రోమోజోము మీది జన్యువులు, 2009లో చైనాలో మరికొన్ని బయటపడ్డాయి. వీటిలో చాలా జన్యువులు మన రక్షణ వ్యవస్థకు సంబంధించినవి. క్రిమి లోపలికి రాగానే దాన్ని శత్రువుగా గుర్తుపట్టడం, మింగడం, చంపడం తెల్లకణాల పని. ఆ గుర్తుపట్టే పనిముట్లు మనిషి మనిషికీ కొద్ది తేడాతో ఉంటాయి. వ్యాధి వచ్చినవారిలో కూడా రక్షణ శక్తి గట్టిగా ఉంటే కొద్ది మచ్చలతో ఆగుతుంది, బలహీనంగా ఉంటే కణుతులుగా ఒళ్ళంతా పాకుతుంది. ఆనాటి బెర్గెన్ స్త్రీకి రెండో రకం రాకపోవడానికి ఆమె శరీరపు సొంత పోరాటమే కారణమై ఉండవచ్చు.

ఒకటి గమనించండి. ఈ తేడాలు ఏ ఒక్క కులానికో, ఏ ఒక్క ఇంటిపేరుకో చెందినవి కావు. అన్ని వంశాల్లో చెదిరి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, అనేక జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. దానికి తోడు తిండి, వసతి, రోగితో ఎంతకాలం దగ్గరగా ఉన్నాం అన్నవి కూడా పనిచేస్తాయి. కాబట్టి తాతకు వచ్చిందని మనవరాలిని తూచే తక్కెడ శాస్త్రం దగ్గర లేదు.

సేవకుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. హాన్సెన్ క్రిమిని చూసిన 1873లోనే ఫాదర్ డేమియన్ మొలకాయ్ దీవిలో రోగుల మధ్యకు వెళ్ళారు. ఆయనకు ఆ వ్యాధి సోకి 1889లో మరణించారు. అదే దీవిలో సిస్టర్ మారియాన్ కోప్ 1888 నుంచి 1918లో మరణించేవరకు ముప్ఫై ఏళ్ళు సేవ చేశారు, వ్యాధి రాలేదు. మన తెలుగు నేల మీద డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆస్పత్రిని నెలకొల్పిన ఇసబెల్ కెర్ దంపతులు కూడా రోగుల మధ్యనే బతికారు. ఒకరికి రావడం, మరొకరికి రాకపోవడం పరిశుద్ధతలో తేడా కాదు. డేమియన్ పాపం ఏమిటని ఎవరమైనా అడుగుతామా? మరి మన పల్లెలో ఒక కూలివాడికి వస్తే ఎందుకు అడుగుతాం?

ప్రియ పాఠకులారా, ఈ అపోహకు మనం వాక్యాన్ని కూడా ఆధారంగా వాడుకున్నాం. రాజులు రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను కుష్ఠు గేహజీకి, అతని సంతతికి అంటుకుంటుందని ఎలీషా చెప్పిన మాట చూపించి, ఇది వంశానికి తగిలే శాపమని బోధించినవారు ఉన్నారు. ఆ మాట ధనాశతో అబద్ధమాడిన ఒక సేవకుడి మీద పలికిన తీర్పు. వైద్యశాస్త్ర సూత్రం కాదు. పైగా లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో మన అనువాదం కుష్ఠు అని చెప్పినది అనేక రకాల చర్మ వ్యాధులకు వర్తించే మాట. అక్కడ బట్టలకు, ఇంటి గోడలకు కూడా కుష్ఠు పడుతుంది. ఈ క్రిమి గోడలకు పట్టేది కాదు. తండ్రి దోషం కుమారుడు మోయడని యెహెజ్కేలు 18లో దేవుడే తేల్చి చెప్పాడు. పుట్టు గ్రుడ్డివాడి విషయంలో వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగితే ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేశాడు.

దేశపు చట్టం కూడా మనకంటే ముందుకు నడిచింది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో రద్దయింది. మన క్రైస్తవ విడాకుల చట్టంలో సైతం కుష్ఠు ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తీసివేసింది. చట్టం తీసివేసిన కారణాన్ని సంఘం మనసులో దాచుకోవడం న్యాయమా?

చేయవలసిన పని కష్టమైనది కాదు. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ గానీ, ఎర్రటి మచ్చ గానీ కనబడితే దాచుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. మందులు ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే పూర్తిగా నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటించే స్థితి పోతుంది. రోగి ఇంట్లో ఉన్నవారిని కూడా పరీక్షిస్తారు, అవసరమైతే ముందుజాగ్రత్తగా ఒక మోతాదు మందు ఇస్తారు. వారి రక్తం చెడ్డదని కాదు, వారు దగ్గరగా ఉన్నారు కాబట్టి. ఈ తేడాను ఆశా కార్యకర్త ఒక్కతే ఇంటింటికీ చెప్పలేదు. కాపరులు, స్త్రీల సమాజం, యవ్వనస్థులు చెప్పాలి. ఇంటిని జాబితాలో రాస్తారేమోనన్న భయంతోనే చాలామంది మచ్చను దాచుకుంటారు, దాచుకున్న ఆ నెలల్లోనే వేళ్ళు వంకరపోతాయి. మనం అడిగే ఆ గుసగుస ప్రశ్న ఒక సంబంధాన్ని మాత్రమే కాదు, ఒకరి చేతులను కూడా పాడుచేస్తుంది.

ఒక కుటుంబం గురించి ఈసారి ఆ ప్రశ్న మీ ముందుకు వస్తే, తాత సంగతి కాదు, ఆ బిడ్డ సంగతి అడగండి. తాతకు ఉండేదని తెలిసిన ఇంటి నుంచే కోడలిని తెచ్చుకునే ధైర్యం ఒక్క విశ్వాసి చూపినా, వంద ప్రసంగాలు చేయలేని పని జరుగుతుంది. కుష్ఠు రోగిని ముట్టి బాగుచేసిన ప్రభువు ముందుగా అతని వంశవృక్షం అడగలేదు. ఆయన శిష్యులమైన మనకు ఆ కృప దయచేయబడును గాక.